కాలు పాతదే... గుండె మాత్రం కొత్తది!

వరద నీళ్ళలో మునిగి బిగుసుకుపోయిన పడవ మోటారును పాత ఇనుప సామాన్లవాడికి వేసెయ్యాల్సిందేనా? అక్కర్లేదంటున్నారు గోదావరి లంకలో వ్యవసాయం చేసుకునే మా అక్క వాళ్ళు. పాడైన పెట్రోలు ఇంజను తీసేసి, దాని స్థానంలో కరెంటు మోటారు బిగించి, అదే పడవను మళ్ళీ ఏట్లోకి దింపారు. ఇందులో స్పానర్ల పని ఎంత ఉందో, ఇంటి పద్దుల పని అంతకన్నా ఎక్కువే ఉంది!

పొద్దున్న ఆరున్నర. కోనసీమలో ఓ చిన్న రేవు. అరటితోటలో పనికి వెళ్ళే ఆడవాళ్ళు తొమ్మిదిమంది క్యారేజీలు పట్టుకుని పడవెక్కారు. అందరి ఒంటిమీదా ఎర్రటి లైఫ్ జాకెట్లు. మా అక్క కూతురు వెనక కూర్చుని చేతిలో పిడి కొంచెం తిప్పింది. అంతే! పడవ కదిలిపోయింది. తాడు లాగడం లేదు, డబడబమనే మోత లేదు, కళ్ళు మండించే పొగ లేదు. పడవ పక్కన నీళ్ళు గలగలమంటున్న చప్పుడు, ఒడ్డున కాకుల గోల, వీటితో పాటు మా తొమ్మిదిమంది కబుర్లు... అన్నీ వినబడుతున్నాయి.

"ఇదివరకు ఏట్లో ఉన్నంతసేపూ మూగనోము పట్టినట్టే ఉండేదండి. అరిచినా ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడేది కాదు" అంది నా పక్కనున్నామె.

ఆ పడవకు వెనకాల తగిలించి ఉన్నది మాత్రం పాత పెట్రోలు మోటారే. కనీసం నడుము నుంచి కిందికి!

వరద మిగిల్చింది ఇదే!

2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్ళింది. లంకలన్నీ మునిగాయి. మా అక్క వాళ్ళు పశువులను, మనుషులను ఏటిగట్టు మీదికి చేర్చడంలో పడి, పాకలో దింపి ఉంచిన పడవ మోటారును మర్చిపోయారు. నీళ్ళు తీశాక చూస్తే అది బురదలో నిండా కూరుకుపోయి ఉంది.

మెకానిక్ విప్పి చూసి పెదవి విరిచాడు. ఇంజను లోపల తుప్పు పట్టి పిస్టన్ కదలడం లేదు. "బాగు చేయించుకోవడం కన్నా కొత్తది కొనుక్కోవడమే మేలండి" అన్నాడు. కొత్త 8 హార్స్‌పవర్ మోటారుకు చెప్పిన ధర లక్షన్నర పైమాటే. ఇన్సూరెన్సు లేదు. పైగా ఆ ఏడు అరటి గెల ఒక్కటి చేతికి రాలేదు.

ఆర్నెల్లు గెడవేసుకుంటూ, తెడ్డు వేసుకుంటూ గడిపారు. ఒక్కో దాటుకు అరగంట. కూలీలు విసుగెత్తి వేరే తోటలకు వెళ్ళిపోయారు. "ఇక లంకలో భూమి కౌలుకిచ్చేద్దాం. నా భుజాలు పనిచెయ్యడం లేదు" అన్నారు మా బావగారు. మా అక్క ఏమీ మాట్లాడలేదు. పద్దుల పుస్తకం తీసి మా అమ్మాయి ముందు పెట్టింది. ఆ అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి అప్పుడే ఇంటికి వచ్చింది.

"అమ్మా, పాడైంది ఇంజనే కదా! మిగతాది బాగానే ఉందేమో చూద్దామా?" అంది అది. అసలు కథ అక్కడ మొదలైంది.

మిక్సీ పాడైతే జార్ పారేస్తామా?

పడవ వెనక చెక్కకు తగిలించే మోటారును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. చూడ్డానికి ఒకే వస్తువులా కనిపించినా అందులో మూడు భాగాలుంటాయి. పైన టోపీ కింద ఉండేది ఇంజను. మధ్యలో పొడవాటి కాలు, దాని లోపల నిలువుగా తిరిగే ఇనుప కడ్డీ. అడుగున నీళ్ళలో ఉండేది గేర్ల పెట్టె, దానికి పంకా. నిలువుగా వచ్చిన తిరుగుడును ఆ గేర్లు అడ్డంగా మళ్ళించి పంకాను తిప్పుతాయి. పంకా నీటిని వెనక్కి తోస్తుంది, పడవ ముందుకు వెళ్తుంది.

మన మిక్సీ లాంటిదే అనుకోండి. మిక్సీలో మోటారు కింద ఉంటుంది, జార్ పైన ఉంటుంది. ఇక్కడ తలకిందులు, అంతే తేడా. మిక్సీ మోటారు కాలిపోతే జార్‌ను, బ్లేడును ఎవరైనా పారేసుకుంటారా? అవుట్‌బోర్డ్‌లో కూడా ఎక్కువగా చెడేది పైనున్న ఇంజనే. కాలు, గేర్లు, పంకా, పడవకు బిగించే క్లాంపులు, పంకాను నీళ్ళలోంచి పైకి లేపే ఏర్పాటు... ఇవన్నీ గట్టి సరుకు. వీటిని కొత్తగా తయారు చేయించాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. చేతిలో ఉన్నవాటిని ఎందుకు వదులుకోవడం?

అయితే ముందు పరీక్ష చెయ్యాలి. మా అమ్మాయి గేర్ల పెట్టె కింద ఉన్న మర విప్పి నూనె గిన్నెలోకి వంచింది. నూనె శుభ్రంగా ఉంటే పర్వాలేదు. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే లోపలికి నీళ్ళు దిగాయని అర్థం. మా వాళ్ళది కాఫీ రంగే! కారణం వెతికితే, పంకా వెనకాల ఇరుసుకు నైలాన్ వల దారం చుట్టుకుపోయి రబ్బరు సీలును కోసేసింది. గేర్ల పళ్ళు మాత్రం అరగలేదు. సీళ్ళు మార్చి, కొత్త నూనె పోశారు. నూనెలో ఇనుప ముక్కలు కనబడి ఉంటే మాత్రం ఆ పనిని అక్కడితో మానుకోవాల్సిందే.

ఈ ఆలోచన ఈనాటిది కాదు!

పడవకు కరెంటు మోటారేమిటి, ఈ కాలం పిల్లల వింతలు కాకపోతే అనుకుంటున్నారా? ఆగండాగండి. పడవ వెనక తగిలించే మోటారు పెట్రోలుకన్నా ముందు కరెంటుతోనే పుట్టింది! 1881లో పారిస్‌లో గుస్తావ్ ట్రూవే అనే ఆయన చిన్న విద్యుత్ మోటారును, పంకాను పడవ చుక్కానికే బిగించి సెన్ నదిలో నడిపించాడు. కావాలంటే మొత్తం ఊడదీసి ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. అప్పటి బ్యాటరీలు బరువు, పైగా ఊరికే ఖాళీ అయిపోయేవి. అందుకే పెట్రోలు వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది.

పెట్రోలు మోటారు జనంలోకి వెళ్ళడం వెనక ఓ ఆడమనిషి ఉంది. ఆమె పేరు బెస్ ఎవిన్‌రూడ్. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఓ సరస్సు ఒడ్డున పిక్నిక్‌లో బెస్‌కి ఐస్‌క్రీం తినాలనిపించిందట. ఓలే ఎవిన్‌రూడ్ తెడ్డు వేసుకుంటూ వెళ్ళి తెచ్చేసరికి అది కాస్తా కరిగిపోయింది. ఆ కసితోనే ఓలే పడవ మోటారు తయారు చేశాడని చెప్పుకుంటారు. దాన్ని మొదటిసారి చూసి బెస్, కాఫీ గింజలు విసిరే మరలా ఉందని నవ్విందట! నవ్వి ఊరుకోలేదు. 1909లో అమ్మకం మొదలైనప్పుడు ఉత్తరాలు, లెక్కలు, ప్రకటనలు అన్నీ ఆమే చూసుకుంది. తెడ్లు అవతల పారేయండంటూ ప్రకటన రాసిందీ ఆమే. చేతులు నల్లగా చేసుకున్నది ఓలే అయితే, ఆ వ్యాపారాన్ని నిలబెట్టింది బెస్ పద్దుల పుస్తకమే.

విచిత్రం చూడండి. అదే 1909లో జర్మనీలోని కోనిగ్‌సే సరస్సులో ప్రయాణికుల కోసం కరెంటు పడవలు మొదలయ్యాయి. అవి నేటికీ నడుస్తూనే ఉన్నాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ మాత్రం 2020లో ఆగిపోయింది. అలా తయారీ ఆగిపోయిన పాత మోటార్లకు విడిభాగాలు దొరకడం రానురాను కష్టమవుతుంది. ఇంజను తీసేసి మిగతాది వాడుకోవాలన్న ఆలోచనకు ఇదీ ఓ కారణమే.

ముందు త్రాసు... తర్వాతే మోటారు

మళ్ళీ మా లంకకే వద్దాం. "8 హార్స్‌పవర్ మోటారు పోయింది కాబట్టి 8 హార్స్‌పవర్‌దే పెట్టాలి కదా" అన్నారు బావగారు. 8 హార్స్‌పవర్ అంటే దాదాపు 6 కిలోవాట్లు. దానికి తగ్గ బ్యాటరీ కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి!

"మనకి నిజంగా ఎంత కావాలో కొలుద్దాం నాన్నా" అంది అమ్మాయి. ఎలా కొలిచిందో తెలుసా? కొబ్బరికాయలు, చేపలు తూచే వేలాడే స్ప్రింగు కాటాతో! పక్కింటివాళ్ళ డీజిలు పడవకు తాడు కట్టి, ఆ తాడుకు మధ్యలో కాటా తగిలించి, మనుషుల్ని ఎక్కించిన తమ పడవను లాగించింది. గంటకు ఏడు కిలోమీటర్ల వేగంలో కాటా ముల్లు 30 కిలోల దగ్గర ఆడింది. ఆ లాగుడును వేగంతో హెచ్చవేస్తే 600 వాట్లు. చిన్న పంకా తనకిచ్చిన శక్తిలో సగమే పడవకు అందిస్తుంది కాబట్టి 1200 వాట్లు. మోటారులో, గేర్లలో, వైర్లలో పోయేదీ కలుపుకుంటే బ్యాటరీ నుంచి 1500 వాట్లు, అంటే ఒకటిన్నర కిలోవాట్లు. 8 హార్స్‌పవర్ మోటారులో పావు వంతు శక్తి!

"మరి ఇన్నేళ్ళూ మిగతాదంతా ఏం చేశాం?" అని బావగారు ఆశ్చర్యపోయారు. ఏం చెయ్యలేదు. చాలావరకు నీళ్ళను చిలికారు. పడవల లెక్కలో ఓ కిటుకుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి రెట్టింపైతే చాలదు, సుమారు ఎనిమిది రెట్లు కావాలి. వేగం సగం చేసుకుంటే ఎనిమిదో వంతు చాలు. ప్రయాణం రెట్టింపు సేపు పట్టినా, అదే దూరానికి ఖర్చయ్యే కరెంటు నాలుగో వంతే. ఇది నిలకడ నీటిలో మాట. ఎదురు ప్రవాహంలో మరీ నెమ్మదైతే ఉన్నచోటే ఉండిపోతాం. అయినా 'నిదానమే ప్రధానం' అన్న పెద్దల మాట కరెంటు పడవకు సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదేమో!

ఇంటి లెక్కలన్నీ మా అక్కవే కాబట్టి దాటులు ఆమె లెక్కపెట్టింది. రోజుకు ఆరు దాటులు. ఒక్కోటి పన్నెండు నిమిషాలు. అంటే గంటా పన్నెండు నిమిషాలు. ఒకటిన్నర కిలోవాట్ల చొప్పున రోజుకు 1.8 యూనిట్లు. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో వచ్చే యూనిటే సుమండీ! గాలి ఎదురైనా, బరువు ఎక్కువైనా ఇబ్బంది పడకుండా 5 యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ, అవసరానికి రెట్టింపుగా 3 కిలోవాట్ల మోటారు తీసుకోవాలని నిర్ణయించారు. బ్యాటరీ 48 వోల్టుల రకం. ఆటోలకు బదులు ఇప్పుడు మన ఊళ్ళలో తిరుగుతున్న ఈ-రిక్షాల మోటారు జాతే ఇదీ. కాస్త పెద్దది, అంతే.

లేత్ మిషన్ దగ్గర రెండుసార్లు

పాత ఇంజను బోల్టులు విప్పి పైకి లేపితే కాలు లోపలి కడ్డీ కొస కనబడుతుంది. దానికి గాడులు గాడులుగా పళ్ళుంటాయి. కొత్త మోటారు ఇరుసును ఈ పళ్ళకు కలపాలి. మిక్సీలో మోటారుకీ జార్‌కీ మధ్య ఉండే కప్లర్ లాంటిదే ఇదీ. అయితే ఆ పళ్ళకు సరిగ్గా సరిపోయే గాడులు కొత్తగా కోయించడం కష్టం. దానికి తేలికైన ఉపాయం పాత ఇంజనులోనే ఉంది. దాని క్రాంక్ ఇరుసు అడుగున ఆ పళ్ళకు జోడీ గాడులు ఉంటాయి. ఆ ముక్కను కోసి తీసి, కొత్త మోటారు ఇరుసుకు కలిపేలా లేత్ మిషన్ మీద చెక్కించారు. మోటారు కూర్చోవడానికి పన్నెండు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక. కింద పాత కాలు బోల్టులకు, పైన కొత్త మోటారు బోల్టులకు సరిపోయేలా దానికి కన్నాలు.

పాత మోటారులో చల్లదనానికి ఏటి నీరు తోడే చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. కొత్తది గాలితో చల్లబడేది కాబట్టి ఆ చక్రం తీసేశారు. గేరు మీటను ముందుకు వెళ్ళే స్థానంలోనే బిగించేశారు. వెనక్కి వెళ్ళాలంటే కరెంటు మోటారే వెనక్కి తిరుగుతుంది. అదీ నెమ్మదిగానే. ఆ గేర్లు వెనక్కి తోసే బరువుకు చేసినవి కావు.

మొదటిసారి పడవ దించినప్పుడు ఊరంతా రేవులో చేరింది. పడవ కదిలింది. అందరూ చప్పట్లు. నాలుగో రోజుకు కీచుమంటూ చప్పుడు మొదలైంది. పలక మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. విప్పి చూస్తే, మోటారు మధ్యబిందువు, కాలు మధ్యబిందువు ఒకే గీతలో లేవు. తేడా వెంట్రుకంత. నిమిషానికి రెండువేలసార్లు తిరిగేచోట ఆ వెంట్రుక చాలు బేరింగు తినెయ్యడానికి!

"చెప్పానా, ఇవన్నీ మనవల్ల కావని" అన్నారు బావగారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదట. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు అక్క పేరు మీదే ఉంది మరి. "ఫోన్ చేసి నాకు చెప్పుకోవడానిక్కూడా మొహం చెల్లలేదే" అంది నాతో తర్వాత.

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ పలకను సంచిలో వేసుకుని బస్సెక్కారు. లేత్ మేస్త్రీతో అమ్మాయి, "బాబాయ్ గారూ, కన్నాలు ముందు వేసి మధ్యభాగం తర్వాత చెక్కారు. ఈసారి మధ్యభాగం ముందు చెక్కి, దాన్ని బట్టి కన్నాలు గుర్తు పెడదామండి" అంది. ఆయన ఓ క్షణం ఆలోచించి, "నిజమేనమ్మా, రాయే" అని పక్కనే నిలబెట్టుకుని చేశాడు. రెండో పలక వేశాక ఆ కీచు మళ్ళీ వినబడలేదు.

గాజులు తీసి పని చెయ్యండి!

48 వోల్టులంటే ముట్టుకుంటే పెద్దగా షాక్ కొట్టదని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ప్రమాదం షాక్‌లో కన్నా వేడిలో ఉంది. 3 కిలోవాట్ల మోటారు పూర్తిగా పనిచేస్తే 60 ఆంపియర్ల పైనే కరెంటు లాగుతుంది. మన ఇంట్లో గీజరు లాగేదానికి నాలుగైదు రెట్లు! సన్న వైరు వేస్తే కాలిపోతుంది. బోల్టు కొంచెం వదులైనా అక్కడ కరిగిపోతుంది. మా వాళ్ళకు ఓసారి కాలిన వాసన వచ్చి చూస్తే సరిగ్గా ఇదే. అప్పటినుంచి వారానికోసారి బోల్టులన్నీ బిగించి చూడటం అమ్మాయి పని.

ఇంకో ముఖ్యమైన మాట. బ్యాటరీ రెండు కొసల మధ్యా లోహం అడ్డం పడితే ఆ కరెంటంతా దాని గుండా పారుతుంది. చేతికున్న బంగారు గాజు, మెడలో వేలాడే గొలుసు ఎర్రగా కాలిపోయి ఒంటికి అతుక్కుపోతాయి. అందుకే బ్యాటరీ దగ్గర పని చేసేముందు గాజులు, గొలుసులు, ఉంగరాలు తీసెయ్యాల్సిందే. మంగళసూత్రం తియ్యడానికి మనసొప్పని వాళ్ళు దాన్ని జాకెట్టు లోపలికి వేసుకుని, పైన గుడ్డ కట్టుకోవాలి. చీర కొంగు, చున్నీ, జడ బిగించి కట్టుకోవాలి.

బ్యాటరీని పడవ మధ్యలో, అడుగున చేరే నీరు తగలకుండా ఎత్తు మీద, కదలకుండా కట్టి పెట్టారు. బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు. నడిపేవాళ్ళ మణికట్టుకు ఓ తాడు. మనిషి నీళ్ళలో పడితే ఆ తాడు ఊడి మోటారు ఆగిపోతుంది.

చప్పుడు లేకపోవడం కూడా ఓ ప్రమాదమే సుమా! రేవులో స్నానం చేసేవాళ్ళకు, ఈదే పిల్లలకు పడవ వస్తున్నట్టు తెలియదు. అందుకే మా వాళ్ళు పడవ ముక్కుకు గుడిగంటలాంటి గంట కట్టారు. ఒడ్డుకు వచ్చేముందు గణగణమని వాయించాల్సిందే.

అందరికీ పనికిరాదు

ఇది చదివి కాకినాడలోనో, ఉప్పాడలోనో సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళు పడవ మోటారు విప్పేస్తారేమో! తొందరపడకండి. 20 లీటర్ల పెట్రోలు బరువు 15 కిలోలు. చిన్న ఇంజను అందులో నాలుగింట మూడొంతులకు పైగా వేడిగా వృథా చేస్తుంది. అయినా మిగిలిన కాస్త పనినీ బ్యాటరీతో చెయ్యాలంటే 350 కిలోలకు పైగా బ్యాటరీ మోసుకెళ్ళాలి. వలలు ఎక్కడ పెట్టాలి, చేపలు ఎక్కడ వెయ్యాలి? పైగా చేపల కోసం ఎంతదూరం వెళ్తారో, ఎప్పుడు తిరిగొస్తారో ముందుగా చెప్పలేరు. సముద్రం మధ్యలో బ్యాటరీ అయిపోతే సాయానికి వచ్చేవాళ్ళుండరు. మనింటి మగవాళ్ళు సముద్రం మీదికి వెళ్తుంటే, డబ్బు మిగులుతుందని ఈ సాహసానికి తోయకండి.

ఎక్కడ పనికొస్తుందంటే, దూరం తెలిసిన పడవకు, సాయంత్రానికి ఇంటికి చేరే పడవకు. లంకల మధ్య దాటు, కాలవలో ప్రయాణం, చెరువులో చేపలకు మేత వెయ్యడం... ఇలాంటివి. కేరళలో వైకోం నుంచి తవణక్కడవుకు మధ్య 2017 జనవరిలో మొదలైన 'ఆదిత్య' పడవ చూడండి. 75 మందిని ఎక్కించుకుని, పైకప్పు మీది సోలార్ పలకలతో కరెంటు తయారు చేసుకుంటూ రేవు దాటిస్తోంది. అది పాత పడవకు మార్పు చేసింది కాదు, కొత్తగా కట్టింది. కానీ అక్కడా కిటుకు ఒక్కటే. రోజూ అదే దూరం, అవే దాటులు. లెక్క ముందే తెలుసు.

వరద రోజుల్లో మా వాళ్ళ పడవ కూడా కదలదు. ఎర్రనీళ్ళు దిగాయంటే మోటారు, బ్యాటరీ విప్పి గట్టు మీదున్న ఇంటి మేడ మీదికి చేర్చేస్తారు. 2022 నేర్పిన పాఠం అది.

అక్క పద్దుల పుస్తకంలో

ఖర్చు ఎంతైందో అక్క చూపించింది. బ్యాటరీ, చార్జరు కలిపి లక్ష. మోటారు, దాని కంట్రోలరు 40 వేలు. లేత్ పని 9 వేలు. వైర్లు, ఫ్యూజు, స్విచ్చి, మీటరు 8 వేలు. సీళ్ళు, నూనె 3 వేలు. మొత్తం లక్షా 60 వేలు. కొత్త పెట్రోలు మోటారుకూ కాస్త అటూ ఇటూ ఇంతే అయ్యేది.

తేడా తర్వాత తెలిసింది. ఇదివరకు రోజుకు రెండు లీటర్ల పెట్రోలు, అందులో కలిపే ఆయిలు కలిపి 240 రూపాయలు. ఇప్పుడు రెండున్నర యూనిట్ల కరెంటు, 15 రూపాయలు. ఏడాదిలో పడవ నడిచే 200 రోజులకు లెక్కేస్తే మిగిలేది 45 వేలు. మూడున్నరేళ్ళలో పెట్టుబడి, వడ్డీతో కలిపి నాలుగేళ్ళకు అప్పు తీరిపోతుంది. "బ్యాటరీ కూడా ఎప్పటికీ ఉండదు కదా పిన్నీ. అందుకే నెలకు వెయ్యి దానికోసం పక్కన పెట్టిస్తున్నాను అమ్మచేత" అంది మా అమ్మాయి. రేవు పాక మీద సోలార్ పలకలు వేయించాలని దాని తర్వాతి ఆలోచన.

కౌలుకిద్దామనుకున్న భూమిలో ఈ ఏడాది మళ్ళీ గెలలు వేలాడుతున్నాయి. వెళ్ళిపోయిన కూలీలు వెనక్కి వచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు పడవ నడిపింది బావగారే. ఇరవై ఏళ్ళు పెట్రోలు మోటారు పక్కన కూర్చుని ఆయన కుడిచెవి దాదాపు వినబడదు. మనతో మాట్లాడినా అరిచినట్టే మాట్లాడతారు. ఏటి మధ్యలో అక్క ఆయన ఎడమవైపుకు జరిగి నెమ్మదిగా ఏదో చెప్పింది. ఆయన అంతే నెమ్మదిగా జవాబిచ్చారు. ఏమన్నారో నాకు వినబడలేదు. వాళ్ళకు వినబడింది, చాలు.

గుర్తుంచుకోండి

● ముందు దూరం, దాటులు, బరువు లెక్క వేసుకోండి. బ్యాటరీ అవసరానికి రెట్టింపు ఉండాలి. ఎప్పుడూ అయిదో వంతు మిగిల్చే ఒడ్డు చేరాలి.

● గేర్ల పెట్టెలో నూనె చూశాకే డబ్బు ఖర్చు పెట్టండి. కాఫీ రంగు ఉంటే సీళ్ళు మార్చాలి. ఇనుప ముక్కలుంటే ఆ కాలు వద్దు.

● వైరింగు తెలిసినవాళ్ళ చేతే చేయించండి. చార్జింగు వంటింట్లో, పడకగదిలో పెట్టకండి. తడి చేతులతో ముట్టుకోకండి.

● కారు బ్యాటరీల లాంటి యాసిడ్ బ్యాటరీలు వాడితే వాటినుంచి మండే వాయువు వస్తుంది. గాలి ఆడేచోటే చార్జి చెయ్యాలి. ఉప్పునీరు తగలనివ్వకూడదు.

● యంత్రంతో నడిచే పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఇంజను మార్చేముందే అధికారులతో మాట్లాడి కాగితాలు సరిచేసుకోండి.

● పడవలో రెండు తెడ్లు ఎప్పుడూ ఉండాలి. లైఫ్ జాకెట్టు లేనిదే ఎవర్నీ ఎక్కించకండి. బెస్ తెడ్లు పారేయమంది కానీ, మనం మాత్రం పారేయొద్దు!